రెఫరీది తప్పేమీ లేదు

కోపిష్టి ఫార్వర్డ్‌ను ఆటలో లేకుండా చేయడం అవతలి జట్టుకు పెద్ద పనేం కాదు. వాడికంటే వేగంగా పరుగెత్తక్కర్లేదు, వాడి కాళ్ల దగ్గర బాల్ లాక్కోనక్కర్లేదు. రెఫరీ చూపు బాల్ వెంట పోయినప్పుడు వెనక నుంచి చొక్కా పట్టి ఒక లాగు. కార్నర్ కిక్‌కు ఎగరబోయే ముందు పాదం మీద బూటుతో ఒక తొక్కుడు. బాల్ అవతలికి పోయాక మడమకు చిన్నగా తగిలించి, వెంటనే రెండు చేతులూ పైకెత్తి ‘సారీ బ్రదర్’. ఏదీ దెబ్బ అనిపించుకునేంత దెబ్బ కాదు. అరగంట ఓపిక పడితే చాలు, ఫార్వర్డ్ తనంతట తానే తిరగబడతాడు. గిల్లినవాణ్ణి రెఫరీ చూడడు. కొట్టినవాణ్ణి మైదానం అంతా చూస్తుంది. రెడ్ కార్డు పడితే వాడి బదులు ఇంకొకణ్ణి దింపే వీల్లేదు కాబట్టి, ఆపైన మిగిలిన ఆటంతా పదిమందే ఈడ్చాలి.

బెంగళూరు లీగులో నన్ను కాచిన స్టాపర్ బ్యాకులందరికీ ఈ కిటుకు తెలుసు. నా మీద ఆడబోయే ముందురోజు వాళ్లు నా షాట్ గురించి కాదు, నా కోపం గురించే ఎక్కువ మాట్లాడుకునేవాళ్లట. చాలా ఏళ్ల తర్వాత వాళ్లలో ఒకాయనే బంగారుపేట స్టేషన్‌లో కలిసి, టీ తాగుతూ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నా కోపం నా సొంత ఆస్తి అనుకుంటూ ఉన్నాను. దాని తాళంచెవి ఊరందరి దగ్గరా ఉండిందని అప్పుడు తెలిసింది.

మాది కుప్పం పక్క పల్లె. మీ వైపు ఫుట్‌బాల్ ఎక్కడిదప్పా అని చిత్తూరు వాళ్లు, తిరుపతి వాళ్లు ఇప్పటికీ అడుగుతారు. మాకు ఆట కోలారు బంగారు గనుల నుంచి వచ్చింది. 1880లలో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడ గనులు చేపట్టాక, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వేల మంది పనికి పోయారు. దొరలు, ఆంగ్లో ఇండియన్లు ఆడుకునే ఆట కూలీల లైన్ల ఇళ్ల పిల్లలకు అంటుకుంది. శివసముద్రం నుంచి కేజీఎఫ్‌కు 1902లోనే కరెంటు వచ్చింది. మా పల్లెకు అది రావడానికి ఇంకో తరం రెండు తరాలు పట్టింది. ఫుట్‌బాల్ మాత్రం అంత ఆలస్యం చేయలేదు. సెలవుకు ఊరికి వచ్చిన గని కూలీల వెంట వచ్చేసింది.

మా నాయన చాంపియన్ రీఫ్‌లో పని చేసేవాడు. భూమిలోకి మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతు పోయిన గని అది. ఎండాకాలం సెలవులకు అమ్మ మమ్మల్ని తీసుకుని లైన్ల ఇంటికి పోయేది. సయనైడ్ మట్టి దిబ్బల పక్కన రెండు రాళ్లు పెట్టి అదే గోల్ అనుకుని, చిన్న పిల్లోళ్ల నుంచి షిఫ్టు దిగివచ్చిన పెద్దవాళ్ల దాకా అందరూ ఆడేవాళ్లు. బూట్లు ఎవరికీ లేవు. ఊరుగాం జింఖానా మైదానంలో పెద్ద మ్యాచ్ ఉంటే గట్టున కూర్చుని చూసేవాళ్లం. తెలుగు, తమిళం, కన్నడం, ఆంగ్లో ఇండియన్ల ఇంగ్లీషు, ఇన్ని భాషల్లో తిట్లు నేను నేర్చుకున్నది ఆ గట్టు మీదే. ఆట కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఆట బాగా వచ్చింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఎడమకాలు, కుడికాలు అని తేడా లేదు. బాల్ ఎక్కడ పడబోతుందో డిఫెండర్ కంటే అడుగు ముందే తెలిసేది. ఎట్ల తెలిసేదని అడిగితే చెప్పలేను. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు యూనివర్సిటీ జట్టులోకి తీసుకున్నారు. ఆ రోజుల్లోనే చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లో ఒక టోర్నమెంటు ఫైనల్లో, ఆఫ్‌సైడ్ ఇచ్చాడని లైన్స్‌మన్ చేతిలో జెండా లాక్కుని విసిరేశాను. నన్ను అక్కడికక్కడే బయటికి పంపాలి. పంపలేదు. ఎవరో పెద్దమనిషి లోపలికొచ్చి రెఫరీ చెవిలో ఏదో చెప్పాడు. జనం నా ఆట చూడ్డానికే వచ్చారట. మిగిలిన ఆటలో మళ్లీ గోల్ కొట్టాను, షీల్డు మాకే వచ్చింది. అదే పెద్దమనిషి సాయంత్రం నా భుజం తట్టి, ‘ఆవేశం ఉండాల్రా అబ్బోడా, అది లేకపోతే ఫార్వర్డ్ యెట్లయితాడు’ అన్నాడు.

చంద్రగిరి పక్కన రంగంపేటలో సంక్రాంతికి పశువుల పండగ జరుగుతుంది. కొమ్ములకు పలకలు కట్టి, డప్పులు కొట్టి, కేకలు పెట్టి పశువును జనం మధ్యకు తరుముతారు. అది ఎంత బెదిరి ఎంత కుమ్మితే చూసేవాళ్లకు అంత సంబరం. నన్ను చూసి జనం వేసిన ఈలలు కూడా ఆ జాతివే. పశువుకైనా తను బెదిరిందని తెలుసు. నేను ఆ ఈలలను మర్యాద అనుకున్నాను.

కోపం లేకుంటే అన్ని గోల్స్ కొట్టేవాణ్ణి కాదని నేను నమ్మాను, పదిమందికీ చెప్పాను. ఈమధ్య ఒక పని చేశాను. కోపంలో ఉండి కొట్టిన గోల్ ఒక్కటైనా జ్ఞాపకం తెచ్చుకుందామని కూర్చున్నాను. దొరకలేదు. కోపంలో కొట్టిన షాట్లు బోలెడు గుర్తొచ్చాయి, అన్నీ బార్ పైనుంచి పోయినవే. ఇందులో వింతేమీ లేదు. కోపంగా ఉన్నవాడు బాల్‌ను పగలగొట్టాలని చూస్తాడు. ఒళ్లు వెనక్కి వాలుతుంది, పాదం బాల్ కిందికి దూరుతుంది, బాల్ గాల్లోకి లేస్తుంది. పెనాల్టీ బాక్సులో ఖాళీ ఎక్కడుందో వెతకాల్సిన కళ్లు ఇందాక కాలు తొక్కినవాడు ఎక్కడున్నాడో వెతుకుతుంటాయి. పక్కన తోడు ఫార్వర్డ్ చేయెత్తి అడుగుతున్నా పాస్ ఇవ్వడు. వాడికి గోల్ అక్కర్లేదు, పగ కావాలి.

మంచి గోల్స్ ఎట్ల వచ్చాయో కూడా గుర్తుంది. సౌత్ జోన్ పోటీల్లో కేరళ జట్టు మీద ఒకటి. బాల్ రొమ్ము మీద దించుకుని తలెత్తి చూస్తే గోలీ బరువంతా కుడికాలి మీద ఉంది. ఆ కాలి పక్కనుంచే మెల్లగా నెట్టాను. షాట్ అని కూడా అనలేం దాన్ని. గోలీ కదల్లేదు. ఆ ముందు నిమిషంలో నా చొక్కా ఎవడైనా లాగాడా, రెఫరీ ఏమైనా అన్యాయం చేశాడా అంటే ఒక్కటీ గుర్తు లేదు.

ఎనభైల చివర్లో ఒక సీజన్ కలకత్తాలో ఆడాను. పెద్ద క్లబ్బేం కాదు. మైదాన్‌లో చెక్క గ్యాలరీలు, వానలో మోకాలి దాకా బురద, మెస్సులో చేపల పులుసు. మా క్లబ్బు మాలీ ముసలాయన, నేను ఆంధ్ర వాణ్ణని తెలియగానే ‘హబీబ్ మియా రాష్ట్రమా నీది’ అని అడిగాడు. హైదరాబాద్‌కూ మా కుప్పానికీ ఎంత దూరమో ఆయనకేం తెలుసు! నేను కాదనలేదు. ఆ పేరుతో నాకు రోజూ ఒక గుడ్డు ఎక్కువ దొరికేది.

మహమ్మద్ హబీబ్ 1949లో హైదరాబాద్‌లో పుట్టాడు. అరవైల్లో కలకత్తాకు పోయి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1980లో అర్జున అవార్డు. మనిషి పొట్టి, బక్కపల్చన. ఆ కాలం ఆటగాళ్లంతా బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం చూసుకుంటుంటే, ఆయన ఉద్యోగం వద్దని ఆటనే వృత్తిగా పెట్టుకున్నాడు. 1977 సెప్టెంబరు 24న పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు, మోహన్ బగాన్ తరఫున శ్యామ్ థాపా ఒక గోల్, హబీబ్ ఒక గోల్ కొట్టారు. ఆట 2-2తో ముగిసింది. పెలేను చూడ్డానికి ఊరంతా కదిలి వస్తే, హబీబ్ మాత్రం ఆయన్ని కూడా అవతలి జట్టులో ఒకడిగానే చూశాడని మాలీ కథలు కథలుగా చెప్పేవాడు.

ఆ కథలన్నీ విని నేను సగమే తలకెక్కించుకున్నాను. ఎవడికీ తగ్గకూడదు, అంతే. మిగతా సగం మాలీ చెప్పలేదని కాదు. వానలో మిగతావాళ్లు డేరాలో కూర్చుంటే హబీబ్ బయట పరుగెత్తడం, బద్ధకించే జట్టువాళ్ల మీద మండిపడటం, అందరికంటే ఎక్కువగా తన మీద తనే మండిపడటం, అవన్నీ చెప్పాడు. కోపం లేని మనిషేం కాదాయన. కానీ ఆ కోపాన్ని రాజేసే పని అవతలి జట్టు స్టాపర్ బ్యాక్‌కు అప్పగించలేదు. ఈ తేడా పట్టుకునే వయసూ బుద్ధీ అప్పుడు నాకు లేవు. ఉద్యోగం వద్దన్నాడన్న మాట మాత్రం తెగ నచ్చింది. ఆయన వద్దనగలిగింది చేతిలో పని ఉండబట్టి.

ఆ మెస్సులో ఆగస్టు 16న ఎవరూ పరాచికాలాడేవాళ్లు కాదు. 1980లో అదే రోజున ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట జరుగుతుండగా లోపల ఇద్దరు ఆటగాళ్లు కలబడ్డారు, ఇద్దర్నీ రెఫరీ పంపించేశాడు. ఆ సెగ గ్యాలరీకి పాకింది. తొక్కిసలాటలో పదహారు మంది పోయారు. ఆట చూడ్డానికి ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లు. మాలీ ఈ సంగతి చెప్పి నా వైపే చూశాడు. అప్పటికే ఒక లీగ్ మ్యాచ్‌లో రెఫరీ మీదికి పోయి సస్పెన్షన్‌లో ఉన్నాను. సీజన్ అయ్యాక క్లబ్బు నన్ను ఉంచుకోలేదు. నేనేమో బెంగాలీలకు మనవాళ్లంటే పడదని ఊళ్లో చెప్పుకున్నాను. రోజూ గుడ్డు పెట్టిన మాలీ కూడా బెంగాలీనే.

అప్పట్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతకాలంటే కలకత్తా, గోవా క్లబ్బులు, కాదంటే సంస్థల జట్లు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1996లో గానీ మొదలు కాలేదు. బెంగళూరులో ఐటీఐ, హెచ్‌ఏఎల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థలకు జట్లుండేవి. అట్లాంటి చోట పర్మనెంటు అయితే కాళ్లలో శక్తి ఉన్నన్నాళ్లు ఆట, ఆ తర్వాత రిటైరయ్యేదాకా జీతం, క్వార్టర్స్, ఆసుపత్రి. గని కూలీ కొడుక్కి అంతకంటే ఏం కావాలి! నేను చేరిన జట్టు పేరు ఇక్కడ అనవసరం. నేనూ, మా గోలీ ఇద్దరం అందులో టెంపరరీలం. వాడిది కేజీఎఫ్. లైన్ల ఇళ్ల దగ్గర రాళ్ల మధ్య నిలబడి నా షాట్లు ఆపినవాడే. ఆ ఏడు టోర్నమెంటు ఫైనల్‌కు పోతే ఇద్దర్నీ పర్మనెంటు చేస్తామని మేనేజరు నోటిమాటగా చెప్పి ఉన్నాడు.

సెమీఫైనల్ అశోక్‌నగర్ స్టేడియంలో. ఫస్టాఫ్‌లోనే మాకు ఒక గోల్ వచ్చింది, కొట్టింది నేనే. నన్ను కాచిన స్టాపర్ బ్యాక్ వయసులో పెద్దవాడు, నెమ్మదైన మనిషి. చొక్కా లాగలేదు, కాలు తొక్కలేదు. ప్రతి కార్నర్‌కూ నా పక్కన వచ్చి నిలబడి, తెలుగులో, పెండ్లిలో బంధువు పలకరించినట్టు, ‘ఏమప్పా, మీ నాయన బాగుండాడా? ఇంకా గుంతలోకి దిగతా ఉండాడా?’ అని అడుగుతున్నాడు. అంతే. అందులో తిట్టు లేదు. మా నాయన అప్పటికే రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఇంటి పట్టున ఉన్నాడు. నాలుగు అడుగులు వేస్తే మంచం పట్టుకుని నిలబడతాడు. ఆ సంగతి ఈయనకు ఎవరు చెప్పారో తెలీదు. ఇంకో కార్నర్. ‘ఏమప్పా, మీ నాయన…’ మాట పూర్తి కాలేదు. బాల్ గాల్లో ఉంది, అందరూ పైకి చూస్తున్నారనుకున్నాను. మోచేయి వెనక్కి విసిరాను. ఆయన పెదవి చీలింది, ఒక పన్ను గడ్డిలో పడింది. పడినాయన కింద కూర్చుని నోరు పట్టుకున్నాడు. ఆ వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతుంటే కూడా నాకు జాలి కలగలేదు. కలగలేదని ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది.

రెఫరీ జేబులోంచి ఎర్ర కార్డు తీశాడు. నేను పోతూ పోతూ ఆయన్ని, ఆయన ఇంటివాళ్లని అన్ని భాషల్లో తిట్టాను. డ్రెస్సింగ్ రూములో గోడకు బూట్లు విసురుతూ కూర్చున్నాను. ఆట చూడలేదు, జనం అరుపులు విన్నాను. సెకండాఫ్‌లో ఒక గోల్ పడింది. ఎక్స్‌ట్రా టైంలో, పదిమందితో అంతసేపు పరుగెత్తి కాళ్లు పట్టేసిన మా బ్యాకులు ఆగిపోతే, అవతలి ఫార్వర్డ్ ఒంటరిగా దూసుకొచ్చాడు. మా గోలీ వాడి కాళ్ల మీద పడ్డాడు. బాల్ గోల్లోకి పోయింది, వీడి కంఠం కింది ఎముక విరిగింది.

ఇద్దరి పేర్లూ లిస్టులో రాలేదు. నాది ఎందుకు రాలేదో తెలిసిందే. వాడిది చేయి పైకి లేవకపోవడం వల్ల. కట్టు విప్పాక కూడా ఆ భుజం మునుపటంత పైకి పోలేదు. వాడు తిరిగి కేజీఎఫ్‌కు వచ్చి, వాళ్ల నాయన పోయిన చోట గనిలో చేరాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసేదాకా అందులోనే ఉన్నాడు. ఆ తర్వాత ఆ ఊరిలో ఎందరో చేసినట్టే, తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పోయి సెక్యూరిటీ డ్యూటీ చేసి, రాత్రికి తిరిగొచ్చేవాడు.

ఇంటికొచ్చి నేను చెప్పిన కథ వేరు. రెఫరీ అమ్ముడుపోయాడు. అవతలిది పెద్ద సంస్థ, వాళ్లు గెలవాలని ముందే రాసిపెట్టారు. ఎదురుగా ఉన్నవాడు మా నాయన్ని తిట్టాడు. ఈ కథ బాగా చెప్పడం నేర్చుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. మంచం మీదున్న మా నాయన మాత్రం ఒకసారి మొత్తం విని, ‘లోపల పనిలో కోపంగా ఉండేవాణ్ణి మేస్త్రీ ఆ పొద్దు కిందికి దించడురా. వానికేదో అవుతాదని కాదు, పక్కన పని చేసేవానికి అవుతాదని’ అన్నాడు. ఆయనకు ఆట సంగతి తెలీదులే అనుకున్నాను.

చాలా ఏళ్లకు మా గోలీ కూతురి పెండ్లి. రాత్రి భోజనాలయ్యాక కుర్రాళ్లు చుట్టూ చేరితే మళ్లీ అదే కథ ఎత్తుకున్నాను. రెఫరీ అమ్ముడుపోయిన చోటికి వచ్చేసరికి, పక్కన ఆకువక్క నములుతున్న వాడు నెమ్మదిగా అన్నాడు. ‘రెఫరీది ఏం తప్పప్పా? నువ్వు మోచేయి వేసింది నేను మన గోల్లోనుంచి చూసినా. అంత దూరం నుంచి నాకే కనపడింది.’ అంతకంటే ఏమీ అనలేదు. తన భుజం సంగతి ఎత్తలేదు. కుర్రాళ్లలో ఒకడు నవ్వాడు. మా గోలీనే లేచి నాకు ఇంకో ఆకు తెచ్చిచ్చాడు. నాకు ఎవరిమీదా కోపం రాలేదు. ఆ కథ మాత్రం మళ్లీ చెప్పలేకపోయాను.

1995 జనవరి 25న లండన్‌లో ఎరిక్ కాంటోనా రెడ్ కార్డు పడి బయటికి పోతూ, గ్యాలరీలో తిట్టిన ప్రేక్షకుడి మీదికి ఎగిరి తన్నాడు. ఆ ఫొటో పేపర్లో చూసి కత్తిరించి దాచుకున్న మనిషిని నేను. మగాడంటే వీడే అనుకున్నాను. దాని వెనక లెక్క చాలా కాలం తర్వాత చూశాను. సెప్టెంబరు ఆఖరు దాకా నిషేధం పడింది. కోర్టు రెండు వారాల జైలు వేస్తే, అప్పీలులో అది 120 గంటల సమాజసేవగా మారి, పిల్లలకు ఆట నేర్పించాడు. ఫ్రాన్స్ జట్టుకు మళ్లీ ఆడలేదు. ఆయన లేని మాంచెస్టర్ యునైటెడ్ ఆ ఏడు లీగును ఒక్క పాయింటు తేడాతో బ్లాక్‌బర్న్‌కు పోగొట్టుకుంది, 89కి 88. ఒక్క పాయింటు! జట్టులో మిగతా అందరి ఏడాది చాకిరీ. ఆ ఫొటోలో వాళ్లెవరూ కనబడరు. కాంటోనా అదృష్టవంతుడు, తిరిగి వచ్చాక 1996 ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఆయన కొట్టిన ఏకైక గోల్‌తో జట్టు గెలిచింది. ఆయన కోసం కాచుకుని కూర్చున్న క్లబ్బు ఉంది. మాలాంటి వాళ్ల కోసం ఎవరు కూర్చుంటారు?

2012 డిసెంబరు 9న సాల్ట్ లేక్ స్టేడియం ఆట చూస్తూ మాత్రం నాకు ముచ్చెమటలు పోశాయి. మోహన్ బగాన్ కెప్టెన్ ఒడాఫా ఒకోలీ, నైజీరియా వాడు, ఆ రోజుల్లో మన ఐ-లీగులో పేరుమోసిన గోల్ స్కోరరు. రెఫరీతో గొడవపడి ఫస్టాఫ్ చివర్లో రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. గ్యాలరీ రగిలింది. పైనుంచి వచ్చిన రాయి సొంత జట్టు ఆటగాడు రహీం నబీ ముఖానికే తగిలింది. హాఫ్‌టైం తర్వాత జట్టు మైదానంలోకి రాలేదు. క్లబ్బును లీగు నుంచి నిషేధించారు. తర్వాత రెండు కోట్ల జరిమానా కట్టించుకుని, పాయింట్లు సున్నా చేసి తిరిగి ఆడనిచ్చారు. నబీ మొహం పట్టుకుని పడిపోవడం చూసి మా గోలీ గుర్తొచ్చాడు.

డీఎస్సీలో నాకు వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగం వచ్చింది. పలమనేరు వైపు జిల్లా పరిషత్ హైస్కూలు. పల్లెల్లో మమ్మల్ని ఇంకా డ్రిల్లు సారు అనే పిలుస్తారు. స్కూల్ గేమ్స్‌లో మేమే కోచ్‌లం, మేమే రెఫరీలం. విజిల్ నోట్లో పెట్టుకుని నడిమధ్య నిలబడ్డాక గానీ తెలియలేదు, అక్కడ ఎంత తక్కువ కనబడుతుందో. బాల్‌నే చూడాలి, ఆఫ్‌సైడ్ గీత చూడాలి, వెనకనుంచి వచ్చేవాడి చేయి చూడాలి. ఊదిన తర్వాత నాలుగు ఊదుళ్లలో ఒకటి తప్పేమోనని నాకే అనుమానం వచ్చేది. ఏడో తరగతి పిల్లవాడొకడు ఆఫ్‌సైడ్ ఇచ్చినందుకు నన్ను అమ్మనాబూతులు తిట్టాడు. వాడు తిట్టిన తీరులో నా చేతికి చిక్కిన చిత్తూరు లైన్స్‌మన్ మొహం కనబడింది. ఆయన పేరైనా నేను కనుక్కోలేదు.

పిల్లలకు రహీం సాబ్ గురించి చెబుతుంటాను. సయ్యద్ అబ్దుల్ రహీం కూడా బడిపంతులే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చిపెట్టిన కోచ్. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన దేశం మీద ఇండోనేషియా జనం మండిపడుతున్నారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు మన అధికారి ఒకాయన అభ్యంతరం చెప్పాడని కోపం. ఫైనల్లో దాదాపు లక్షమంది అవతలి జట్టుకు జేకొడుతున్నారు. మనవాళ్లు పెదవి బిగించి ఆడి కొరియాను 2-1తో గెలిచారు. ఆ పదకొండు మందిలో మన తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. పిల్లలు ఆసక్తిగా వింటారు. ఆట మొదలైతే మర్చిపోతారు. కథలతో ఈ జబ్బు నయం కాదని నాకు తెలుసు, హబీబ్ కథలు విన్నవాణ్ణే కదా.

మొన్నటి మండల పోటీల ఫైనల్లో మా బడి ఫార్వర్డ్, పదో తరగతి పిల్లవాడు, విజిల్ వేశాక ఒకణ్ణి కాలితో తన్నాడు. ఆ రోజు రెఫరీ వేరే బడి సారు, ఎల్లో కార్డుతో సరిపెట్టాడు. నేను వాణ్ణి బయటికి పిలిచి ఇంకొకణ్ణి దింపాను. గోల్ లేకుండా ఓడిపోయాం. జిల్లా సెలక్షన్‌కు వాడి పేరు పోలేదు. హెడ్మాస్టరు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. వాళ్ల నాయన టమాటా మండీలో హమాలీ, పని మధ్యలో వదిలేసి బడికి వచ్చి, ‘నువ్వు వాన్ని ఆడనిచ్చి ఉంటే సర్టిఫికెట్ వచ్చుండు కదా సార్’ అని నిలదీశాడు. ఆయన అన్నదీ నిజమే. ఆ సర్టిఫికెట్టుతో స్పోర్ట్స్ కోటాలో ఎక్కడో ఒక సీటు దొరికేది. నేను చేసింది వాడి మంచికా, నా పాత లెక్క సరిచేసుకోవడానికా అని అనుమానం ఇప్పటికీ ఉంది.

కొన్నాళ్లు ఆ పిల్లవాడు ప్రాక్టీసుకు రాలేదు. ఒక సాయంత్రం వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. వాడు నిన్ను ఏమన్నాడురా అని అడిగాను. చానా సేపు చెప్పలేదు. తర్వాత చెప్పాడు. వాళ్ల నాయన మోసే మూటల మీద ఒక మాట. సరే, బాక్సులో నిలబడు అన్నాను. ఇంకొకడు సైడు నుంచి బాల్ వేస్తున్నాడు. నేను వాడి వెనక నిలబడి, బాల్ గాల్లో ఉండగా, అదే మాట అన్నాను. వాడు గిరుక్కున తిరిగి నా మొహం చూశాడు. బాల్ వాడి తలకు తగిలి పక్కకు పోయింది. మళ్లీ వేయమన్నాను, మళ్లీ అన్నాను. ఈసారి కాలెత్తి కొట్టాడు. బాల్ బార్ మీదుగా, బడి గోడ మీదుగా, చింతతోపులో పడింది. ‘పోయి తెచ్చుకోపోరా, ఇంకా చీకటి పడలేదు’ అన్నాను. గొణుక్కుంటా పోయినాడు.